వాడినీ ఓ మాట అడగండి!

ఇంటి పంపకాల రోజు. హాల్లో చాప మీద దస్తావేజు లేఖరి కాగితాలు సర్దుకుంటున్నాడు. పెద్దవాడు వచ్చాడు. రెండోవాడు వచ్చాడు. ఆడపిల్ల అత్తారింటి నుంచి వచ్చింది. మూడోవాడు మాత్రం వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బస్సులు చూస్తున్నాడు. వయసు ముప్ఫై అయిదు. పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. అన్నీ అయ్యాక ఎవరికో గుర్తొస్తుంది. ‘వాణ్ని పిలవండ్రా, వేలిముద్ర వేయించాలి!’ ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. ఇంకొకరు బొటనవేలికి సిరా రాస్తారు. ‘ఇక్కడ... ఆఁ, అంతే. పోయి టీ తాగు నాయనా!’

ఇది ఏ ఊళ్లో జరిగిందని అడగక్కర్లేదు. చాలా ఊళ్లలో, చాలా ఇళ్లలో జరిగేదే. ఆ అన్నదమ్ములు దుర్మార్గులేం కాదు. తమ్ముణ్ని కడదాకా కనిపెట్టుకుని ఉండేవాళ్లే కావచ్చు. కానీ ఆ హాల్లో ఉన్న అందరిదీ ఒకటే నమ్మకం... ‘వాడికేం తెలుస్తుంది?’

నిజంగా ఏం తెలుస్తుంది, ఏం తెలియదు? తెలియనిది తెలిసేలా చెబితే అర్థం చేసుకోగలడా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాల్సిన మనిషి ఒకరున్నారు. డాక్టరు కాదు, లాయరు కాదు, జడ్జీ అంతకన్నా కాదు. సోషల్ వర్కర్!

ఆ మాట వినగానే చాలామందికి విజిటింగు కార్డు మీద పేరు కింద ‘సోషల్ వర్కర్’ అని వేయించుకునే చోటా నాయకులు గుర్తొస్తారు. ఇక్కడ చెబుతున్నది వాళ్ల గురించి కాదు. ఎంఎస్‌డబ్ల్యూ లాంటి కోర్సులు చదివి ఆస్పత్రుల్లో, ప్రత్యేక పాఠశాలల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ల గురించి. మనిషిని ఒక్కణ్నే కాకుండా అతని ఇంటినీ, వీధినీ, చుట్టూ ఉన్నవాళ్లనూ కలిపి చూడటం వాళ్ల చదువులో మొదటి పాఠం.

పద్దెనిమిది దాటితే...

పిల్లాడికి పద్దెనిమిదేళ్లు నిండేదాకా ఈ గొడవ లేదు. తల్లిదండ్రులే సహజ సంరక్షకులు. బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి ఆపరేషను దాకా వాళ్ల సంతకం సరిపోతుంది. ఆ పుట్టినరోజు నుంచే చట్టం లెక్కలో వాడు మేజరు. మేధో వైకల్యం ఉన్నా సరే మేజరే. తండ్రి పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం వెళ్లినప్పుడో, బ్యాంకులో డిపాజిట్ మార్చబోయినప్పుడో కౌంటర్లో అవతలివాళ్లు అడుగుతారు... ‘గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ ఉందా అమ్మా?’ అలాంటి కాగితం ఒకటుంటుందని అప్పటిదాకా ఆ తల్లికి తెలియదు.

ఆ కాగితం ఇవ్వడానికే 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు... ఈ నాలుగింటికే అది వర్తిస్తుంది. దీని కింద జిల్లాల్లో స్థానిక స్థాయి కమిటీలు ఉంటాయి. కమిటీలో ముగ్గురు. కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి ఒకరు, రిజిస్టరైన సంస్థ ప్రతినిధి ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు. అమ్మానాన్నలో, దగ్గరి బంధువులో దరఖాస్తు పెట్టుకుంటే ఆ కమిటీ రెండు సంగతులు చూడాలి. అసలు ఈ వ్యక్తికి గార్డియన్ అవసరమా? అవసరమైతే ఏ పనులకు?

చట్టంలో ఉన్న ఈ రెండో ప్రశ్న చాలా విలువైనది. ఎందుకంటే గార్డియన్ కావాలి అన్నంత మాత్రాన అన్నిటికీ కావాలని కాదు. అయితే కలెక్టరుగారు ఇంటింటికీ తిరిగి ఇది తేల్చలేరు. ఇంటికి వెళ్లి చూసొచ్చి కమిటీకి చెప్పే పని సాధారణంగా సంస్థ తరఫున వచ్చే మనిషి మీద పడుతుంది. ఆ మనిషి రాసే ఒకటి రెండు పేజీల్లోనే ఒక జీవితం అటో ఇటో తేలుతుంది.

సంతకం పోతే...

‘సంతకమే కదా, పోతే పోయింది. అన్నం పెట్టేవాళ్లు ఉన్నారు చాలదా?’ అనుకుంటారు చాలామంది. సంతకంతో పాటు ఇంకా చాలా పోతాయి. తన వాటా పొలం అమ్మాలా వద్దా అన్నది చేతిలో ఉండదు. తన పేరున వచ్చే పింఛను ఎలా ఖర్చుపెట్టాలో చేతిలో ఉండదు. మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటిస్తే ఓటరు జాబితాలోంచి పేరు కూడా తీసేస్తారు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అలాగే చెబుతోంది. (గార్డియన్ ఉన్నంత మాత్రాన ఓటు పోదు. కోర్టు ప్రకటన ఉంటేనే పోతుంది. ఈ తేడా తెలియక ఓటు వేయించడం మానేసిన ఇళ్లు ఎన్నో!)

ఒక్కోసారి సొంత ఒళ్లు కూడా చేతిలో ఉండదు. 1994లో మహారాష్ట్రలోని పుణె జిల్లా శిరూర్‌లో, ప్రభుత్వ ఆశ్రమంలో ఉంటున్న బుద్ధిమాంద్యం గల యువతులకు గర్భసంచులు తీయించిన సంగతి దేశమంతా దుమారం రేపింది. నెలసరి సమయంలో శుభ్రత పాటించలేరన్నది చెప్పిన కారణం. వాళ్లకు మంచే చేస్తున్నామని అనుకున్నారు పెద్దలు. తమ శరీరాల గురించి ఆ అమ్మాయిలు ఏమనుకుంటున్నారన్నది మాత్రం వాళ్ల లెక్కలోకి రాలేదు.

చండీగఢ్ అమ్మాయి చెప్పిన మాట

ఆ తర్వాత పదిహేనేళ్లకు, 2009లో చండీగఢ్‌లో మరో సంగతి. తల్లిదండ్రులు వదిలేస్తే ప్రభుత్వ ఆశ్రమాల్లో పెరిగిన అమ్మాయి. వయసు పంతొమ్మిది, ఇరవై మధ్య. స్వల్ప స్థాయి బుద్ధిమాంద్యం. కడుపులో నొప్పి అంటోంది, వికారంగా ఉందంటోంది. రెండు నెలలుగా నెలసరి రాలేదని కూడా చెప్పింది. ఆ మాటలు పట్టించుకున్నది ఒక మెడికల్ సోషల్ వర్కరు, ఒక స్టాఫ్ నర్సు. ఎవరూ చెప్పకుండానే, సొంత చొరవతో పరీక్ష చేయించారు. గర్భవతి అని తేలింది. సంరక్షణలో ఉండగానే ఆమె మీద అత్యాచారం జరిగింది.

అక్కణ్నుంచి వ్యవహారం డాక్టర్ల బోర్డులకూ, కోర్టుకూ వెళ్లింది. గర్భస్రావం చేయించడానికి అనుమతి ఇవ్వమని చండీగఢ్ పాలనా యంత్రాంగం పంజాబ్, హర్యానా హైకోర్టును అడిగింది. హైకోర్టు నియమించిన నిపుణుల బృందం ఆ అమ్మాయితో మాట్లాడింది. బిడ్డను కంటానంది ఆమె. అయినా హైకోర్టు ఆ ఏడాది జూలైలో గర్భస్రావానికే ఆదేశించింది. విషయం సుప్రీంకోర్టుకు చేరేసరికి పంతొమ్మిది వారాలు దాటాయి. అప్పటి చట్టం ప్రకారం గడువు ఇరవై వారాలే. జూలై 21న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆగస్టు 28న కారణాలు వివరిస్తూ తీర్పు చెప్పింది. సుచితా శ్రీవాస్తవ కేసుగా న్యాయవాదులందరికీ తెలిసిన తీర్పు అది.

సుప్రీంకోర్టు చెప్పిన సంగతి మామూలు మాటల్లో ఇది. మానసిక జబ్బు వేరు, బుద్ధిమాంద్యం వేరు. ఈ అమ్మాయి మేజరు. గర్భస్రావ చట్టం ప్రకారం గార్డియన్ అనుమతి సరిపోయేది మైనర్లకూ, మానసిక జబ్బు ఉన్నవారికీ. కాబట్టి ఆమె ఒప్పుకోకుండా ఆ పని చేయించడానికి వీల్లేదు.

మరి బిడ్డను ఎలా పెంచుతుంది? అదీ కోర్టులో చర్చకు వచ్చింది. ఆమె బాగోగులు చూసుకుంటామని నేషనల్ ట్రస్టు చైర్‌పర్సన్ ప్రమాణపత్రం దాఖలు చేశారు. ఈ చివరి ముక్క చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు కీలకం అక్కడే ఉంది. ‘నీ వల్ల కాదు’ అనడం ఒక పద్ధతి. ‘నీ వల్ల కావాలంటే మేమేం చేయాలి?’ అనడం ఇంకో పద్ధతి.

2016లో మారిన ప్రశ్న

ఈ రెండో పద్ధతే ఇప్పుడు చట్టంలోకి వచ్చింది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను మన దేశం 2007లో ఆమోదించింది. చట్టం ముందు అందరితో సమానంగా నిలబడే హక్కు వైకల్యం ఉన్నవారికీ ఉంటుందని అందులోని 12వ అధికరణం చెబుతుంది. దాన్ని అనుసరించి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది.

ఈ చట్టంలో గార్డియన్ అంటే యజమాని కాదు. ‘పరిమిత సంరక్షకుడు’ మాత్రమే. ఫలానా పనికి, ఫలానా గడువు వరకు, ఆ వ్యక్తి ఇష్టాన్ని బట్టే నడుచుకోవాలి. ఇద్దరూ ఒకరినొకరు నమ్మి, కలిసి నిర్ణయం తీసుకోవాలి. పాత చట్టాల కింద నియమితులైన గార్డియన్లు కూడా ఇకపై పరిమిత సంరక్షకులుగానే పనిచేయాలి. తగిన సాయం అందించి చూశాక కూడా నిర్ణయం తీసుకోలేకపోతేనే గార్డియన్. సాయం చేసి చూడకుండా నేరుగా గార్డియన్‌ను పెట్టేయడం కుదరదు.

ఇంకొక నిబంధన మన పంపకాల హాలుకు సరిగ్గా సరిపోతుంది. డబ్బు, ఆస్తి లావాదేవీల్లో సాయం చేసే వ్యక్తి లాభం ఒకటి, వికలాంగుడి లాభం ఇంకొకటి అయినప్పుడు ఆ లావాదేవీలో ఆ వ్యక్తి సాయం చేయకూడదు. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన అనుమానించాలని కాదు. కానీ వాటా తగ్గితే లాభపడే అన్నే తమ్ముడి వేలికి సిరా రాయడం మాత్రం తగదు.

మానసిక జబ్బు ఉన్నవారి వైద్యం విషయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వేరుగా ఉంది. అందులో ఒక మంచి మాట రాశారు. ఒకరు తీసుకున్న నిర్ణయం పక్కవారికి తప్పుగా తోచినంత మాత్రాన, ఆ వ్యక్తికి నిర్ణయించే శక్తి లేదనకూడదు. నోటితో చెప్పలేకపోతే సైగతో చెప్పినా, ముఖకవళికలతో చెప్పినా చెప్పినట్టే. తరఫున మాట్లాడే నామినీని ముందే ఎంచుకోవచ్చు. ఎవరూ లేని అనాథ అయితే చివరికి ఆ బాధ్యత సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరు మీదో, ఆయన నియమించిన ప్రతినిధి మీదో పడుతుంది.

వినడం కూడా ఒక విద్యే

మరి నిర్ణయించే శక్తి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? సర్టిఫికెట్ మీద 75 శాతం వైకల్యం అని ఉంటే 75 శాతం నిర్ణయాలు తీసుకోలేడని అర్థం కాదు. ఆ అంకె పింఛనుకు, బస్‌పాస్‌కు పనికొస్తుంది. మనసులో మాట చెప్పదు.

పని తెలిసిన సోషల్ వర్కరు ముందు ఇంటివాళ్లతో మాట్లాడుతుంది. తర్వాత వాళ్లను కాస్త పక్కకు వెళ్లమని ఆ వ్యక్తితో విడిగా కూర్చుంటుంది. వెంటనే ఆస్తి సంగతి ఎత్తదు. పొద్దున్నే ఏం తిన్నావు, ఎవరు పెట్టారు, ఎవరంటే ఇష్టం, ఎవరంటే భయం... ఇలా మొదలుపెడుతుంది. పది రూపాయల నోటు, వంద నోటు చూపించి ఏది పెద్దదో అడుగుతుంది. ఇంటి బొమ్మ గీసి ‘ఇందులో నీ గది ఏది?’ అంటుంది.

మేధో వైకల్యం ఉన్నవారిలో చాలామంది పెద్దవాళ్లు ఏం అడిగినా ‘ఊఁ’ అంటారు. కాదంటే కోప్పడతారన్న భయం చిన్నప్పటి నుంచీ అలవాటైపోయి ఉంటుంది. అందుకే ఒకే ప్రశ్నను తిప్పి అడగాలి. ‘అన్న దగ్గర ఉంటావా?’ అంటే ‘ఊఁ’. కాసేపాగి ‘అక్క దగ్గరికి వెళ్లిపోతావా?’ అన్నా ‘ఊఁ’ అంటే ఆ రెండు ‘ఊఁ’లనూ లెక్కలోకి తీసుకోకూడదు. ఇంకో రోజు మళ్లీ రావాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారి సంగతి మరొకటి. మాట ముద్దగా వస్తుంది, నోరు వంకర పోతుంది. అంత మాత్రాన తెలివి లేదనుకుంటే పొరపాటు. అక్షరాల బోర్డు మీద వేలితో, కంటిచూపుతో పేజీలకు పేజీలు చెప్పేవాళ్లున్నారు. వేసుకున్న మాత్రల వల్ల పొద్దున మత్తుగా ఉంటే సాయంత్రం వెళ్లాలి. వినికిడి యంత్రం పెట్టారా, కళ్లజోడు ఉందా అన్నవీ చూసుకోవాలి.

అప్పుడు రాసే నివేదిక ‘ఇతనికి ఏమీ తెలియదు’ అని ఒక్క ముక్కలో ముగియదు. ‘రోజువారీ ఖర్చు సొంతంగా చూసుకోగలడు. బ్యాంకులో తోడు ఒకరుండాలి. పొలం అమ్మకం అర్థం కాలేదు, దానికి మాత్రం గార్డియన్ ఉండాలి. ఎవరి దగ్గర ఉండాలో స్పష్టంగా చెప్పాడు’... ఇలా ఉంటుంది. ఇలా విడదీసి చెప్పడమే ఆ ఉద్యోగంలో సగం పని.

వాళ్లూ మనుషులే!

అలాగని సోషల్ వర్కర్లందరూ ఇలాగే చేస్తారనలేం. ఒకే మనిషి మీద పదుల కేసులు ఉంటే ఇంటికి ఒక్కసారి వెళ్లి, కాఫీ తాగి, తల్లి చెప్పింది రాసుకుని వచ్చేయడమే అవుతుంది. పాత నివేదికలో పేరు మార్చి కొత్తది తయారుచేసే ప్రమాదమూ ఉంది. ఇంటివాళ్లే మాట్లాడతారు, ఇంటివాళ్లే టీ ఇస్తారు, ఇంటివాళ్లే కన్నీళ్లు పెట్టుకుంటారు. ఎవరి గురించి ఈ తతంగమో ఆ మనిషి మూల కూర్చుని ఉంటాడు. వాళ్ల గోడు విని మనసు కరిగి, అతని సంగతి మర్చిపోవడం తేలిక.

ఇంకో చిక్కు కూడా ఉంది. కాపాడటమూ తన పనే, స్వేచ్ఛ ఇప్పించడమూ తన పనే. ‘నేనొక్కదాన్నే ఉంటా’ అని అమ్మాయి అంటుంది. ఉండగలదా? ఎవరైనా మోసం చేస్తే? ఏదైనా జరిగితే అందరూ సోషల్ వర్కర్నే వేలెత్తి చూపుతారు. గార్డియన్‌ను పెట్టి చేతులు దులుపుకొంటే అడిగేవాడు ఉండడు. అందుకే భయపడి ‘అన్నిటికీ గార్డియన్ కావాలి’ అని రాసేవాళ్లు ఉంటారు. అలాంటి చోట ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి పైనున్న అధికారుల అండ కావాలి.

తల్లిదండ్రుల బెంగ కూడా కొట్టిపారేసేది కాదు. ‘మా తర్వాత వీడి గతేంటి?’ అన్న ప్రశ్నతో రాత్రిళ్లు నిద్రపట్టని ఇళ్లు మనకు తెలుసు. గార్డియన్‌ను పెట్టుకోవడం తప్పేం కాదు. కాకపోతే ఆ కాగితం బిడ్డకు రక్షణగా ఉండాలి తప్ప వాడి నోరు కట్టేసేది కాకూడదు.

ఇంట్లో ఏం చేయొచ్చు?

పిల్లలకు పదిహేడేళ్లు వచ్చినప్పటి నుంచే ఆలోచన మొదలుపెట్టాలి. అవసరమైన సలహా ప్రత్యేక పాఠశాలలో దొరుకుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ లాంటి చోట్లా దొరుకుతుంది. గార్డియన్‌షిప్‌కు దరఖాస్తు పెడితే అన్నిటికీ అని కాకుండా ఏ పనులకు కావాలో విడిగా రాయాలి. నేషనల్ ట్రస్టు చట్టం కింద గార్డియన్ అయినవారు ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితా ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా లెక్కలు చూపాలి. నిర్లక్ష్యం చేసినా, ఆస్తి కాజేసినా తొలగించమని తల్లిదండ్రులో, బంధువులో, రిజిస్టరైన సంస్థో కమిటీని అడగొచ్చు. లాయరు ఫీజు ఇచ్చుకోలేమన్న దిగులు అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం వైకల్యం ఉన్నవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసాయం అందుతుంది.

వీటన్నిటికంటే ముందు చేయాల్సింది ఇంకొకటుంది. చిన్న చిన్న సంగతులు అడగడం. ఏ చొక్కా వేసుకుంటావు? దోసె కావాలా, ఉప్మా కావాలా? పండక్కి అత్త ఇంటికి వస్తావా, ఇంట్లోనే ఉంటావా? అడగ్గా అడగ్గా చెప్పడం అలవాటవుతుంది. ముప్ఫై అయిదేళ్లు ఏదీ అడక్కుండా పెంచి, ఒక్కరోజు ఇంటి వాటా గురించి అడిగితే ఎవరికైనా ఏం తెలుస్తుంది?

మళ్లీ ఆ పంపకాల హాల్లోకి వద్దాం. సిరా సీసా మూత తీయకముందే సోషల్ వర్కరు వచ్చి, అరుగు మీద అతని పక్కన కూర్చుందనుకుందాం. ఒకటికి రెండుసార్లు వచ్చి మాట్లాడిందనుకుందాం. అతను ఎకరాల గురించి, లక్షల గురించి ఏమీ చెప్పకపోవచ్చు. ‘నాకు ఈ అరుగు కావాలి, బస్సులు చూస్తా’ అనొచ్చు. నవ్వులాటలా ఉంటుంది గానీ అది ఒక నిర్ణయమే. వీధివైపు భాగం అతని పేర రాయాలనీ, దాన్ని అతని జీవితకాలంలో ఎవరూ అమ్మకూడదనీ ఆ మాట మీదే కాగితం తయారుచేయొచ్చు. వాటా విలువ తేలిస్తే మిగతా లెక్క గార్డియన్ చూసుకుంటాడు.

అందుకు కావాల్సింది పెద్ద చదువులేం కాదు. హాల్లో కూర్చున్నవాళ్లలో ఒక్కరైనా లేచి, అరుగు దాకా నడవాలి. పక్కన కూర్చుని అడగాలి... ‘నువ్వేమంటావురా?’ అని. తొందరపడకుండా జవాబు కోసం కాసేపు ఆగాలి.